చేపల మేతలో మూలికలు: పంచాయతీ చెరువునకు మేలు ఎంతవరకు?

పంచాయతీ చెరువు గ్రామమునకు ఉమ్మడి ఆస్తి. పశువులు దాహము తీర్చుకొనునది అక్కడనే. వేసవిలో చుట్టుప్రక్కల బావులకు ఊట అందించునది ఆ నీరే. పలు గ్రామములలో ఆ చెరువును చేపల పెంపకమునకు పాట పెట్టగా వచ్చు సొమ్ము పంచాయతీ ఆదాయములో చేరుచున్నది. కావున ఆ నీటిలో పాటదారుడు ఏమి వేయుచున్నాడో తెలిసికొను హక్కు పంచాయతీ సభ్యులకు కలదు. అంతకన్న ముఖ్యముగా, తెలిసికొనవలసిన బాధ్యతయు కలదు.

ఇటీవల మేతల దుకాణములలో ఒక క్రొత్త సరకు విరివిగా కనిపించుచున్నది. వెల్లుల్లి, పసుపు, వేప, తులసి మొదలగువాని పొడులు, రసములు చేర్చి, చేపల మేతలో కలుపుటకని అమ్ముచున్నారు. వీనిని మేము ఈ వ్యాసమున ‘చేర్పు దినుసులు’ అని పిలుతుము. “ఇవి చెట్టుమందులు, వీనివలన హాని లేదు, రోగము రాదు, చేప త్వరగా బరువెక్కును” అని అమ్మకందారులు చెప్పుదురు. ఇందులో కొంత నిజము, కొంత అతిశయోక్తి, కొంత ప్రమాదము కలిసియున్నవి. ఏది ఏదో వేరుచేసి చూపుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మేత చేప శరీరములో ఏమగును?

మన చెరువులలో పెంచు చేపలలో ముఖ్యమైనవి మూడు: బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. బొచ్చె నీటి పైభాగమునను, శీలావతి మధ్యభాగమునను, ఎర్రమోసు అడుగునను మేసి బ్రదుకును. ఈ మూడును ఒకే కుటుంబమునకు చెందినవి. ఈ కుటుంబపు చేపలకు మనకున్నట్లు నిజమైన జీర్ణకోశము, అనగా పొట్టసంచి, లేదు. తిన్నది నేరుగా పొడవైన ప్రేగులోనికి పోవును. కావున ఒకేసారి పెద్ద మోతాదులో వేసిన మేతను నిలువచేసికొని తరువాత అరిగించుకొను శక్తి వానికి లేదు. కొంచెము కొంచెముగా పలుమార్లు తినుట వానికి అనుకూలము. కొల్లేటి పరిసరములలోని రైతులు సంచులకు చిన్న రంధ్రములు చేసి, వానిలో మేత నింపి, నీటిలో పాతిన వెదురు గడలకు కట్టు పద్ధతి చేప స్వభావమునకు సరిగా సరిపోవుచున్నది. చేప రంధ్రమునుండి తనకు కావలసినంత లాగుకొని తినును. మేత వ్యర్థమగుట తగ్గును.

ప్రేగులో జీర్ణరసములు, కాలేయమునుండి వచ్చు పైత్యరసము కలిసి మేతను కరిగించును. మాంసకృత్తులు కండగా మారును. పిండిపదార్థములు, క్రొవ్వులు శక్తినిచ్చును. మేతలో శక్తినిచ్చు పదార్థములు చాలనిచో చేప మాంసకృత్తులనే ఇంధనముగా దహించుకొనును. అనగా, కండ కావలసిన విలువైన చెక్క బూడిదయగుచున్నదన్నమాట. అట్లు దహించినప్పుడు పుట్టు అమ్మోనియా మొప్పల ద్వారా నీటిలోనికి వచ్చి, చెరువును చెరచును. మరొకవైపు పిండిపదార్థములు మితిమీరినచో క్రొవ్వు కాలేయములో పేరుకొని, ఆ అవయవము పాలిపోయి మెత్తబడును. చూపునకు లావుగానున్న చేపయైనను రోగమునకు త్వరగా లొంగిపోవుటకు ఇది ఒక కారణము.

ఇంకొక విషయము గమనింపవలయును. చేప శరీరపు వేడి నీటి వేడిని అనుసరించి మారును. నీరు చల్లబడినప్పుడు ఆకలి, జీర్ణము, రోగమును ఎదిరించు శక్తి మూడును మందగించును. 1988లో ఈశాన్య భారతమున ప్రవేశించి తరువాత దేశమంతట వ్యాపించిన ఎర్రమచ్చల వ్యాధి వానలు వెనుకబట్టి చలి మొదలగు దినములలో ఎక్కువగా కనిపించుటకు ఇదియు ఒక కారణము. కావున శీతకాలమున మేత తగ్గింపవలెనే కాని, చేప తినుటలేదని మందు కలిపి పెంచరాదు.

తవుడు, చెక్కలలోని గుణదోషములు

చేర్పు దినుసులను గూర్చి ఆలోచించుటకు ముందు అసలు మేతను చూడవలయును. మన ప్రాంతమున నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క ప్రధానమైన మేతలు. ఇవియు మొక్కలనుండి వచ్చినవే. వీనిలో మేలుతోపాటు దోషములును కలవు.

తవుడులోని భాస్వరములో చాలభాగము ఫైటిక్ ఆమ్లము అను పదార్థముతో బంధింపబడియుండును. ఆ బంధమును విడదీయు శక్తి చేప జీర్ణరసములకు చాలదు. ఆ భాస్వరము విసర్జనముతో నీటిలో కలిసి, నాచును విపరీతముగా పెంచును. నీరు చిక్కని పచ్చరంగునకు తిరుగును. రాత్రివేళ ఆ నాచే ప్రాణవాయువును వాడుకొనుటచేత తెల్లవారుజామున చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరచుచుండును. నూనె తీయని తవుడు నిలువయున్నచో త్వరలో ముక్కిపోవును. ముక్కిన నూనె చేప కాలేయమునకు హానికరము. పత్తిగింజల చెక్కలో గాసిపాల్ అను పదార్థము కలదు. అది అధికమైనచో చేప పెరుగుదల కుంటుపడును.

అన్నిటికన్న భయంకరమైనది బూజు. తేమ తగిలిన వేరుశనగ చెక్కపై పెరుగు ఒక జాతి బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, అందుకు కారణము బ్రెజిల్ దేశపు వేరుశనగ పిండిలోని ఈ విషమేనని తేలినది. ఇంచుమించు అదే కాలమున అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకు కాలేయపు క్యాన్సరు కణుతులు విరివిగా ఏర్పడినవి. బూజుపట్టిన పత్తిగింజల పిండి అందులకు హేతువని తెలిసినది. వండినంత మాత్రమున ఈ విషము పోదు. కావున మేత బస్తాలను నేలపై గాక చెక్క బల్లలపై, గోడకు దూరముగా, వాన జల్లు తగులని చోట ఉంచుట ఏ మూలికకన్నను గొప్ప మందు.

మూలికలు చేయు పని

మేలైన మేత, శుభ్రమైన నీరు ఉన్న చెరువులో చేర్పు దినుసులు కొంత మేలు చేయగలవు. అవి నాలుగు విధములుగా పనిచేయునని పరిశోధకులు చెప్పుచున్నారు. మొదటిది, ఘాటైన వాసన, రుచి వలన ఆకలిని, జీర్ణరసముల ఊటను పెంచుట. రెండవది, ప్రేగులోని హానికర సూక్ష్మజీవులను అదుపులో ఉంచుట. మూడవది, కాలేయములోని క్రొవ్వు చెడిపోకుండ కాపాడుట. నాలుగవది, రక్తములోని రక్షక కణములను చురుకుగా నుంచుట.

వెల్లుల్లిని ఉదాహరణముగా తీసికొందము. మన దేశమున శీలావతి పిల్లలపై జరిపి 2007లో ప్రకటించిన ఒక పరిశోధనలో కిలో మేతకు 1 గ్రాము, 5 గ్రాములు, 10 గ్రాములు చొప్పున వెల్లుల్లి కలిపి పెట్టి చూచిరి. పిమ్మట ఆ చేపలకు ఏరోమొనాస్ అను రోగకారక సూక్ష్మజీవిని ఎక్కింపగా, వెల్లుల్లి తినిన చేపలు తినని వానికన్న ఎక్కువగా బ్రదికినవి. అయితే ఇది తొట్లలో, కొలిచి పెట్టిన మేతతో, కొన్ని వారములు జరిగిన పరీక్ష యని గుర్తుంచుకొనవలయును. ఎకరముల కొలది విస్తరించిన చెరువులో, బురదనీటిలో, అదే ఫలితము అంతే మోతాదున వచ్చునని ఎవ్వరును హామీ ఈయజాలరు.

వెల్లుల్లిలోని ఘాటుకు మూలమైన అల్లిసిన్ అను పదార్థము పాయలను నలిపినప్పుడే పుట్టును. పాయ లోపల వేరువేరుగానున్న రెండు పదార్థములు నలిపినప్పుడు కలిసికొనుటయే అందులకు కారణము. ముందుగా ఉడికించిన పాయలో ఈ క్రియ జరుగదు. కావున వెల్లుల్లిని పచ్చిగా దంచి, పది నిమిషములు ఉంచి, చల్లారిన గంజిలో కలిపి, ఆ గంజిని మేతకు పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ దినముననే వాడవలయును. గంజి పట్టింపనిచో రసము నీటిలో కరిగిపోవును. ఖర్చు మాత్రము మిగులును.

పసుపులోని కర్కుమిన్ అను పదార్థము కాలేయమునకు మేలు చేయునని పరిశోధనలు తెలుపుచున్నవి. దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లు పసుపునకు ప్రసిద్ధములు. కొమ్ములు మన చేరువనే దొరకును. విడిగా దొరకు పొడికి రంగు పెరుగుటకు సీసము కలిసిన రంగుపదార్థములను చేర్చు కల్తీ ఉన్నది. సీసము చేపకును, దానిని తిను మనిషికిని విషము. కొమ్ములు కొని పట్టించుకొనుట క్షేమము.

మొక్కలోనే మందు, మొక్కలోనే విషము

“చెట్టుమందు గనుక హాని లేదు” అను మాటను పంచాయతీ సభ్యులు ఎన్నడును నమ్మరాదు. ఇందుకు రుజువు చేపల రైతుల చేతులలోనే కలదు. పిల్లలను వదలుటకు ముందు చెరువులోని కొర్రమీను, వాలుగ వంటి మాంసాహారపు చేపలను తొలగించుటకు రైతులు ఇప్పచెక్క వేయుదురు. హెక్టారు విస్తీర్ణము, ఒక మీటరు లోతుగల నీటికి సుమారు 2,500 కిలోల ఇప్పచెక్క వేసినచో అందులోని సాపొనిన్ అను పదార్థము మొప్పల ద్వారా రక్తములో చేరి, ఎర్రకణములను పగులగొట్టి, చేపలను చంపును. ఆ విషము తగ్గుటకు రెండు మూడు వారములు పట్టును. ఇప్ప మంచి చెట్టే; అయినను దాని చెక్క చేపకు యముడు.

మూలికల పొడులలో పెక్కింటియందు ఈ సాపొనిన్ జాతి పదార్థములు స్వల్పముగానైన కలవు. వేప కషాయము అధికముగా నీటిలో పోసినను చేపలు ఉక్కిరిబిక్కిరి యగును. మితముగా మేతలో కలిపినప్పుడు ఉపకరించునది, మితిమీరినచో ప్రేగు పొరను దెబ్బతీసి పెరుగుదలను తగ్గించును. “కొంచెము మేలైనచో ఎక్కువ మరింత మేలు” అను లెక్క ఇక్కడ చెల్లదు. కావున పొట్లముపై ఏ మూలిక, ఎంత పాళ్ళలో, కిలో మేతకు ఎన్ని గ్రాములు అను వివరములు ముద్రింపబడని సరకును చెరువు గట్టు ఎక్కనీయరాదు.

యాంటీబయోటిక్కుల మాట

మూలికలపై ఇంత ఆసక్తి కలుగుటకు ఒక పెద్ద కారణము కలదు. కొందరు రోగము రాకముందే, చేప త్వరగా పెరుగునను ఆశతో, మేతలో యాంటీబయోటిక్ మందులు కలుపుట మొదలిడిరి. 2001లో ఆసియా దేశములనుండి ఐరోపాకు పోయిన రొయ్యలలో క్లోరాంఫెనికాల్ అవశేషములు కనిపించుటచే ఎగుమతులకు పెద్ద దెబ్బ తగిలినది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి పెరుగుదల కొరకు మేతలో యాంటీబయోటిక్కులు కలుపుటను పూర్తిగా నిషేధించినది. మన దేశమునను క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వర్గపు మందులు ఆహారమునకు పెంచు చేపలకు నిషిద్ధములు.

ఈ నిషేధము ఎగుమతిదారుల కొరకు మాత్రమే కాదు. చెరువులో కొద్ది కొద్దిగా పడు మందునకు అక్కడి సూక్ష్మజీవులు అలవాటుపడును. మందునకు చావని జాతులు మిగిలి వృద్ధిచెందును. ఆ నీటిలో దిగిన పశువునకో, కాలికి గాయమైన బాలునికో ఆ జాతి రోగము సోకినచో, ఆసుపత్రిలోని అదే మందు పనిచేయకపోవచ్చును. చెరువులో పోసినది గ్రామములోనికి తిరిగి వచ్చుననుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

ఇక్కడనే మరొక మోసము జరుగుటకు వీలున్నది. మూలికల పేరిట అమ్ము పొట్లములో యాంటీబయోటిక్‌ను రహస్యముగా కలిపినచో రైతునకు తెలియదు. “రెండు దినములలో చావులు ఆగును” అని చెప్పు ‘చెట్టుమందు’ను అనుమానింపవలయును, మూలిక అంత త్వరగా పనిచేయదు. ఆంధ్రప్రదేశ్‌లో చేపల మేత నాణ్యత కొరకు 2020లో ప్రత్యేక చట్టము వచ్చినది. మేతను కొనునప్పుడు లైసెన్సుగల దుకాణమున, రశీదుతో కొనుట పాటదారునకును, పంచాయతీకిని రక్షణ.

లెక్క వేసి చూచు విధానము

ఏ చేర్పు దినుసునైనను నమ్ముటకు ముందు లెక్క వేయవలయును. ఈ క్రింది అంకెలు కేవలము లెక్క నేర్చుటకు మేము ఊహించినవి. మీ ఊరి ధరలను బట్టి మార్చుకొనుడు.

ఒక చెరువులో 400 గ్రాముల చేపలు 2,500 ఉన్నవనుకొందము. మొత్తము బరువు 1,000 కిలోలు. బరువులో నూటికి 2 పాళ్ళ చొప్పున దినమునకు 20 కిలోల మేత. 60 దినములకు 1,200 కిలోలు. కిలో మేతకు 5 గ్రాముల వెల్లుల్లి కలిపినచో దినమునకు 100 గ్రాములు, 60 దినములకు 6 కిలోలు. కిలో రూ. 200 చొప్పున ఖర్చు రూ. 1,200. దీనికి బదులు కిలో మేతకు రూ. 5 ఖర్చగు పొట్లమును కలిపినచో 60 దినములకు రూ. 6,000.

ఇపుడు ఫలితమును చూతము. దినుసు కలుపని చెరువులో సగటు బరువు 550 గ్రాములకు పెరిగినదనుకొందము. పెరిగిన బరువు 375 కిలోలు. 1,200 కిలోల మేతను 375తో భాగించినచో, కిలో చేపకు 3.2 కిలోల మేత పట్టినట్లు. దినుసు కలిపిన చెరువులో సగటు 560 గ్రాములు. పెరిగినది 400 కిలోలు. కిలో చేపకు 3 కిలోల మేత. తేడా 25 కిలోల చేప. కిలో రూ. 100 చొప్పున రూ. 2,500. వెల్లుల్లి ఖర్చు పోగా రూ. 1,300 మిగిలినది, పొట్లము కొన్నవానికి రూ. 3,500 నష్టము. చేప పెరిగినది నిజమే, జేబు తరిగినదియు నిజమే!

పరీక్షకు ఒకే తీరున ఉన్న రెండు చెరువులు కావలయును. పిల్ల, సంఖ్య, మేత రెండింటను ఒకటిగానుండి, దినుసు ఒక్కదానిలోనే కలుపవలయును. మొదటను చివరను రెండు చెరువులనుండి వల వేసి యాబదేసి చేపలను తూచవలయును. పది గ్రాముల తేడా ఒక్కొక్కప్పుడు వల వేసిన చోటును బట్టియు వచ్చును. కావున వేర్వేరు చోట్ల రెండు మూడు పర్యాయములు తూచి సగటు కట్టవలయును. చనిపోయిన చేపలను ప్రతిదినము లెక్కించి పుస్తకమున వ్రాయవలయును. రోగము రాని సంవత్సరమున మూలిక ఘనత తెలియదు. కావున ఒక్క పంటతో తీర్పు చెప్పరాదు.

పాట షరతులలో చేర్పదగినవి

చెరువు పాట పెట్టునప్పుడు మత్స్యశాఖ అధికారిని సంప్రదించి ఈ క్రింది షరతులను ఒప్పందములో వ్రాయించుట మంచిదని మేము భావించుచున్నాము.

1. మేత, మందు, చేర్పు దినుసులలో ఏది వేసినను తేదీ, పేరు, మోతాదు ఒక పుస్తకమున వ్రాయవలయును. సభ్యులు అడిగినప్పుడు ఆ పుస్తకమును చూపవలయును.

2. ప్రతి సరకునకు రశీదు, ఖాళీ సంచి లేక పొట్లము పంట ముగియువరకు ఉంచవలయును.

3. నిషిద్ధమైన యాంటీబయోటిక్కులు, చేపపేనును చంపుటకని పొలముల పురుగుమందులు వేయరాదు.

4. ఇప్పచెక్క వంటివి వేయుటకు ముందు దండోరా వేయించి, పశువులను ఆ నీటికి పోనీయకుండ హెచ్చరింపవలయును.

5. బూజుపట్టిన చెక్క, ముక్కిన తవుడు వాడరాదు.

6. చేపలు ఒక్కసారిగా చనిపోయినచో ఆ దినముననే పంచాయతీకి, మత్స్యశాఖకు తెలుపవలయును. చచ్చిన చేపలను గట్టుపై పారవేయక, సున్నము చల్లి పూడ్చవలయును.

ఈ షరతులు పాటదారుని బాధించుటకు ఉద్దేశింపబడినవి కావు. పుస్తకము వ్రాయు పాటదారునకు తన సొమ్ము ఎచట వృథాయగుచున్నదో తెలియును. రోగము వచ్చినప్పుడు అధికారికి కారణము కనుగొనుట సులభమగును.

చివరిమాట

చేప ఆరోగ్యమునకు మొదటి మెట్టు శుభ్రమైన నీరు. రెండవది తగినంతగా మాత్రమే వదలిన పిల్ల. మూడవది చెడని, సరిపాళ్ళ మేత. ఈ మూడును ఉన్నచోట మూలిక నాలుగవ మెట్టు కాగలదు. ఈ మూడును లేనిచోట అది పునాది లేని గోడకు పూసిన సున్నము వంటిది. వంటింట దొరకు వెల్లుల్లి, పసుపులతో, తక్కువ ఖర్చుతో, కొలత తప్పక చేయు ప్రయత్నమును ప్రోత్సహింపుడు. పేరు తెలియని పొట్లమును, దినములలో అద్భుతము చేయుదునను మాటను ప్రశ్నింపుడు.

ఈ పాఠమును పంచాయతీ సమావేశమున చదివి వినిపించి, పాటదారులను, చేపల రైతులను పిలిచి చర్చింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. రానున్న పాట షరతులు వ్రాయునప్పుడు ఈ విషయములు మీ ముందుండినచో, చెరువు సొమ్మును ఇచ్చును, చేపను ఇచ్చును, నీటిని నీటిగానే ఉంచును.